చిక్కడపల్లి స్టడీ హాలు రౌటర్‌లో డెబియన్ ప్యాకేజీలు: ఒక కేసు పూర్తి వివరం

మాస్టారు ఫోను చేసేసరికి ఉదయం ఆరున్నర. "బాబూ, వైఫై పోయింది. దీపాలన్నీ వెలుగుతూనే ఉన్నాయి. రాత్రి మా మేనల్లుడు రౌటర్‌లో ఏదో ఎక్కించాడట, ఒకసారి వచ్చి చూస్తారా?" అన్నారు.

ఆయన పదవీ విరమణ చేసిన లెక్కల ఉపాధ్యాయుడు. చిక్కడపల్లిలో సిటీ సెంట్రల్ లైబ్రరీకి దగ్గర్లోనే రెండంతస్తుల స్టడీ హాలు నడుపుతున్నారు. గ్రూప్స్‌కు చదివే పిల్లలు తెల్లవారుజామునే వచ్చి సీట్లలో కూర్చుంటారు. వాళ్లకు వీడియో పాఠాలన్నా, టెస్ట్ సిరీస్ అన్నా అన్నీ ఆ వైఫై మీదే. అందుకే టిఫిన్‌కు కూడా ఆగకుండా వెళ్లాను.

ఆ రౌటర్ సికింద్రాబాద్ సీటీసీలో కొన్నది. అందులో కంపెనీ ఫర్మ్‌వేర్ తీసేసి, రౌటర్ల కోసం తయారైన లైనక్స్ ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ 23.05 వేసి ఇచ్చింది నేనే. మీడియాటెక్ ఎంటీ7621 చిప్, 880 మెగాహెర్ట్జ్ వేగంతో రెండు కోర్లు, 256 ఎంబీ ర్యామ్, 16 ఎంబీ ఫ్లాష్, ఒక యూఎస్‌బీ పోర్టు. ఈ అంకెలు గుర్తుంచుకోవాలి, ఎందుకంటే కేసు మొత్తం వీటి చుట్టూనే తిరిగింది.

మేనల్లుడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ల్యాప్‌టాప్‌లో ఉబుంటు అనే లైనక్స్ వాడతాడు. అందులోనూ, దాని మాతృక అయిన డెబియన్‌లోనూ ప్రోగ్రాములు డెబ్ ఫైళ్లుగా వస్తాయి. నన్ను చూడగానే ముఖం చిన్నబుచ్చుకుని ఒకే ప్రశ్న అడిగాడు. "అన్నా, ఇదీ లైనక్సే కదా. డెబ్ ఫైలు ఎందుకు ఎక్కదు?"

చాలా మంచి ప్రశ్న. ఏళ్ల తరబడి లైనక్స్ వాడినవాళ్లు కూడా దీనికి సరైన జవాబు చెప్పలేకపోవడం నేను చూశాను. ఆ జవాబు కోసమే ఈ కేసును పూర్తిగా రాస్తున్నాను.

వాళ్లకు కావలసింది ఏమిటి

హాల్లో ఒక పాత చిన్న లేజర్ ప్రింటర్ ఉంది. దాన్ని రౌటర్ యూఎస్‌బీకి తగిలించి, అక్కడున్న రెండు డెస్క్‌టాప్‌ల నుంచీ పిల్లల ఫోన్ల నుంచీ ప్రింట్లు తీసుకోవాలన్నది మాస్టారి కోరిక. రౌటర్‌కు చిన్న యూపీఎస్ ఉంది, డెస్క్‌టాప్‌లకు లేదు. పైగా రౌటర్ రోజంతా ఎలాగూ నడుస్తూనే ఉంటుంది. కనుక కోరికలో తప్పేమీ లేదు. ఇంకో కోరిక, పిల్లల హాజరు పట్టికను కూడా రౌటర్‌లోనే ఉంచడం.

ఉబుంటులో ప్రింటింగ్ పనంతా చూసే సాఫ్ట్‌వేర్ కప్స్. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అధికారిక ప్యాకేజీల్లో కప్స్ కనిపించకపోయేసరికి, కుర్రవాడు డెబియన్ 12 నుంచి మిప్సెల్ రకం డెబ్ ఫైళ్లు తెచ్చాడు. ఇక్కడ అతన్ని మెచ్చుకోవాలి. చాలామంది ఇంటెల్ కంప్యూటర్ల కోసం చేసిన ఫైలు తెచ్చి, అది నడవలేదని రౌటర్‌ను తిడతారు. ఇతను చిప్ మిప్స్ జాతిదని, అందులోనూ లిటిల్ ఎండియన్ (బైట్లను చిన్న స్థానం నుంచి పేర్చే) రకమని, అంటే మిప్సెల్ అని కనుక్కుని సరిగ్గా ఎంచుకున్నాడు. డెబ్ ఫైలు ఒక ఏఆర్ పెట్టె, లోపల రెండు టార్ మూటలు ఉంటాయి. ల్యాప్‌టాప్‌లో పెట్టె విప్పి, డేటా మూటను రౌటర్‌కు పంపి, దాని మూల ఫోల్డర్ (రూట్) మీదే పరిచేశాడు. ఒకటి కాదు, డజనుకు పైగా.

వైఫై ఎలా పోయింది

16 ఎంబీ అంటే ఫోనులో నాలుగైదు ఫొటోలంత. బూట్‌లోడర్, కెర్నల్, ఫర్మ్‌వేర్ అన్నీ అందులోనే సర్దుకోవాలి. ఫర్మ్‌వేర్‌లోని మూల భాగం స్క్వాష్‌ఎఫ్‌ఎస్ రూపంలో కుదించి ఉంటుంది, దాన్ని చదవగలం కానీ మార్చలేం. దాని మీద ట్రేసింగ్ కాగితం పరిచినట్టు ఓవర్‌లే ఉంటుంది. మనం మార్చే ప్రతి ఫైలూ ఆ పైకాగితం మీదే పడుతుంది. ఈ రౌటర్‌లో ఆ కాగితం పరిమాణం ఏడు ఎంబీ చిల్లర.

కింది పొరలోని ఫైలును చెరిపితే చోటు వస్తుందనుకోవడం పొరపాటు. అసలు ఫైలు కింద అలాగే ఉంటుంది, అది చెరిగిందన్న గుర్తు మాత్రం పైకాగితం మీద కొత్తగా చేరుతుంది. మూల ప్యాకేజీలను అప్‌గ్రేడ్ చేసినా ఇదే నష్టం. పాతది కింద కదలదు, కొత్తది పైన ఇంకో చోటు ఆక్రమిస్తుంది. డెస్క్‌టాప్‌లో మంచి అలవాటైన 'అన్నీ అప్‌గ్రేడ్ చేయి' ఇక్కడ హాని చేస్తుంది.

కుర్రవాడు పంపిన మూటలతో ఓవర్‌లే నిండిపోయింది. అది తెలియక, ఆ వెంటనే వైఫై పాస్‌వర్డ్ ఉన్న ఫైలును వీఐ ఎడిటర్‌లో తెరిచి మార్చి భద్రపరిచాడు. కొత్తది రాయడానికి చోటు లేక ఆ ఫైలు సున్నా బైట్లతో మిగిలింది. రీబూట్ తర్వాత వైఫై మాయం.

కేబుల్ పెడితే, దూరం నుంచి ఆజ్ఞలు ఇచ్చే ఎస్‌ఎస్‌హెచ్ తెరుచుకుంది. రౌటర్‌ను అత్యవసరంగా లేపే ఫెయిల్‌సేఫ్ దాకా పోనవసరం రాలేదు. ఏ మూటలో ఏ ఫైళ్లున్నాయో ల్యాప్‌టాప్‌లో జాబితా తీసి, ఓవర్‌లేలో ఆ పేర్లున్నవాటిని మాత్రమే చెరిపాను. నా దగ్గరున్న పాత బ్యాకప్ నుంచి వైఫై ఫైలు తిరిగి పెట్టాను. అరగంటలో హాలు మామూలుగా నడిచింది. మేనల్లుడి ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

కళ్లముందున్న ఫైలు లేదని ఎందుకంటోంది

చోటు నిండకముందు కొన్ని ఫైళ్లు పూర్తిగానే చేరాయి. వాటిని నడపబోతే, మన ఆజ్ఞలు అందుకునే షెల్ 'నాట్ ఫౌండ్' అంది. ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ కొడితే ఫైలు ఉంది, నడిపే అనుమతీ ఉంది. అయినా లేదంటోంది. రాత్రి రెండింటి దాకా అతన్ని తిప్పలు పెట్టింది ఇదే.

లైనక్స్‌లో మామూలు ప్రోగ్రాం తనంతట తాను లేవదు. తనను లేపే లోడర్ ఎక్కడుందో ఆ ప్రోగ్రాం ఫైలు లోపలే రాసి ఉంటుంది. డెబియన్ మిప్సెల్ ప్రోగ్రాములు లిబ్ ఫోల్డర్‌లో ఎల్‌డీ డాట్ ఎస్‌ఓ డాట్ 1 కావాలంటాయి. అది గ్లిబ్‌సీ కుటుంబపు లోడర్. గ్లిబ్‌సీ అంటే ప్రోగ్రాములన్నీ ఆధారపడే మూల ఫంక్షన్ల సంపుటి, అంటే సీ లైబ్రరీ. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో ఉన్నది మజిల్ అనే వేరే సీ లైబ్రరీ. దాని లోడర్ పేరు వేరు, ఎల్‌డీ మజిల్ మిప్సెల్ ఎస్‌ఎఫ్. దరఖాస్తు మీద 'ఫలానా సెక్షన్ ద్వారా' అని రాసి ఉండి, ఆ ఆఫీసులో ఆ సెక్షనే లేనట్టు. 'దొరకలేదు' అని కెర్నల్ చెప్పింది లోడర్ గురించి. షెల్ ఆ మాటను ప్రోగ్రాం పేరు మీద చెప్పింది.

ఇది తెలియగానే చాలామంది చేసే పని, మజిల్ లోడర్‌కు గ్లిబ్‌సీ లోడర్ పేరుతో ఒక లింకు పెట్టడం. మేనల్లుడు అది కూడా ప్రయత్నించాడట. అప్పుడు 'నాట్ ఫౌండ్' పోయి 'సింబల్ నాట్ ఫౌండ్' వరుసగా పేజీ నిండా వచ్చింది. సీటులో మనిషి మారాడు గానీ అతనికి ఆ ఫైళ్ల సంగతి తెలియదు. గ్లిబ్‌సీ ఇచ్చే కొన్ని ఫంక్షన్లు మజిల్‌లో లేవు.

లైనక్స్ అన్న పేరు కెర్నల్‌ది. ప్యాకేజీ ఆధారపడేది ఆ కెర్నల్ పైన ఉన్న పొరల మీద. ఏ సీ లైబ్రరీ, ఏ లోడర్, సేవలను ఎవరు మొదలుపెడతారు, ఏ ఫోల్డర్ డిస్కు మీద ఉంది, ఏది ర్యామ్‌లో ఉంది అన్నవే అసలు విషయం. డెబియన్ ప్యాకేజీ స్థాపన చివర నడిచే స్క్రిప్టులు సేవలను నడిపే సిస్టమ్‌డీ, కొత్త యూజర్‌ను చేర్చే సాధనం ఉంటాయని నమ్ముతాయి. ఇక్కడ సేవలను నడిపేది ప్రోక్‌డీ, చిన్న సాధనాలన్నీ కలిపి ఉన్నది బిజీబాక్స్.

ఫోల్డర్ల సంగతి హాజరు పట్టిక వల్ల బయటపడింది. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌ను మాత్రం అతను ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ సొంత ప్యాకేజీ సాధనం ఓపీకేజీతో సరిగ్గానే ఎక్కించాడు, అది చక్కగా నడిచింది. డేటాబేస్ ఫైలును డెస్క్‌టాప్ అలవాటు ప్రకారం వార్ ఫోల్డర్ లోపల పెట్టాడు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో వార్ అనేది టెంప్‌కు ఒక లింకు, టెంప్ ఉండేది ర్యామ్‌లో. ఒక్క రీబూట్‌తో మూడు రోజుల హాజరు పోయింది. కాగితం రిజిస్టర్ ఇంకా నడుస్తోంది కాబట్టి మాస్టారు ఊపిరి పీల్చుకున్నారు.

నేను చేసిన ప్రయత్నం

ఇంతవరకు కుర్రవాడి కథ. ఇకనుంచి నాది. ఇందులో నా అంచనా ఒకటి తప్పింది, అదీ రాస్తాను.

గ్లిబ్‌సీ లేకపోవడమే అడ్డంకి అయితే డెబియన్ మొత్తాన్నీ ఒక గదిలో పెట్టి, ఆ గదిలోనే ప్రోగ్రాములు నడపవచ్చు. అదే క్రూట్. పెన్‌డ్రైవ్‌ను లైనక్స్ పద్ధతి ఎక్స్‌ట్4గా ఫార్మాట్ చేశాను. ఫ్యాట్ పనికిరాదు, దానికి అనుమతులూ సింబాలిక్ లింకులూ తెలియవు. ల్యాప్‌టాప్‌లో కనీస డెబియన్‌ను తయారుచేసే డెబూట్‌స్ట్రాప్ మొదటి దశ నడిపి, పెన్‌డ్రైవ్‌ను రౌటర్‌కు పెట్టి, డెవ్, ప్రాక్, సిస్ ఫోల్డర్లను లోపలికి బైండ్ చేసి రెండో దశ మొదలుపెట్టాను. మొదటి అడుగుల్లోనే 'ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్' అని ఆగిపోయింది.

లోడర్ పేరు చివర ఉన్న ఎస్‌ఎఫ్ అక్షరాలు ఇక్కడ అర్థమవుతాయి. సాఫ్ట్ ఫ్లోట్ అని. ఎంటీ7621లో దశాంశ గణితం చేసే విభాగం లేదు. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ తన ప్యాకేజీలన్నిటినీ ఆ విభాగం అవసరం లేకుండా కంపైల్ చేస్తుంది. డెబియన్ మిప్సెల్ ఆ విభాగం ఉందనే నమ్మకంతో కంపైల్ అవుతుంది. లేని చిప్‌లో కెర్నల్ ఆ పనిని అనుకరించాలి, అందుకు ఎఫ్‌పీయూ ఎమ్యులేటర్ అన్న ఎంపిక ఉంది. తన ప్యాకేజీలకు అక్కర్లేదు గనుక ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ ఈ చిప్‌కు దాన్ని మూసి ఉంచింది. కుర్రవాడు ఎంచుకున్న ప్రాసెసర్ రకం సరైనదే అన్నాను కదా. పేరు సరిపోయినా చాలదని నాకు ఆ సాయంత్రం గట్టిగా తెలిసింది.

ఆ ఎంపిక తెరిచి ఇంటి దగ్గర రౌటర్‌లో వేసే పూర్తి ఫర్మ్‌వేర్ ఫైలును (ఇమేజ్) నేనే కంపైల్ చేశాను. దాని వెంట ఇంకో చిక్కు వచ్చింది. కెర్నల్ ఎంపిక మారితే దాని గుర్తింపు హాష్ మారుతుంది. అధికారిక జాబితాలోని కెర్నల్ మాడ్యూళ్లు ఆ తర్వాత ఎక్కవు. యూఎస్‌బీ ప్రింటర్ మాడ్యూల్, ఎక్స్‌ట్4 మాడ్యూల్ అన్నీ ఇమేజ్‌లోనే కలిపి మళ్లీ కంపైల్ చేయాల్సి వచ్చింది. ఇలా చేసిన రౌటర్‌కు ముందు ముందు వచ్చే ప్రతి భద్రతా సవరణనూ ఎవరో ఒకరు చేతితో కంపైల్ చేయాలి. ఒక స్టడీ హాలు మీద ఆ భారం పెట్టడం నాకు అప్పుడే మింగుడు పడలేదు. డెబియన్ 13లో మిప్సెల్‌ను పూర్తిగా తీసేశారు కూడా. అంటే ఈ దారికి ముందు రోడ్డు లేదు.

అయినా నడిచింది. క్రూట్ తెరుచుకుంది, కప్స్ లేచింది, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ డ్రైవర్ ప్రింటర్‌ను గుర్తుపట్టింది. కుర్రవాడు చప్పట్లు కొట్టాడు. స్కాన్ చేసిన పాత ప్రశ్నపత్రం ఒకటి ఫోను నుంచి పంపాం.

మొదటి పేజీ బయటకు రావడానికి నాలుగున్నర నిమిషాలు పట్టింది.

లెక్క వేస్తే ఆశ్చర్యమేమీ లేదు. ఏ4 కాగితం 600 డీపీఐలో దాదాపు 4,960 గుణకం 7,016 చుక్కలు, అంటే మూడున్నర కోట్లు. నలుపు తెలుపుల్లో ఒక్కో చుక్కకు ఒక బిట్ చాలు, మొత్తం నాలుగు ఎంబీ చిల్లర. స్కాన్ చేసిన పేజీని బూడిద రంగు ఛాయల్లో పరిస్తే 35 ఎంబీ, రంగుల్లో పరిస్తే 100 ఎంబీ దాటుతుంది. పేజీని చుక్కలుగా మార్చే ప్రోగ్రాం ఘోస్ట్‌స్క్రిప్ట్ దాన్ని పట్టీలుగా కోసి పని చేస్తుంది కాబట్టి అంతా ఒకేసారి ర్యామ్‌లోకి రాదు. కానీ ఆ గణితమంతా దశాంశాలతోనే సాగుతుంది. ఒక్కో దశాంశ సూచన దగ్గరా ప్రాసెసర్ ఆగి, కెర్నల్‌లోకి వెళ్లి, లేని విభాగాన్ని అనుకరించి, తిరిగి వస్తుంది. పైగా ర్యామ్ చాలక పెన్‌డ్రైవ్‌లో కొంత చోటును ర్యామ్‌లా వాడుకోవడం (స్వాప్). లాగ్ చూస్తే కెర్నల్ రెండుసార్లు ఘోస్ట్‌స్క్రిప్ట్‌ను చంపి ఉంది.

అసలు దెబ్బ కింది అంతస్తులో తగిలింది. ప్రింట్ నడుస్తున్నంతసేపూ పిల్లల వీడియో పాఠాలు ఆగి ఆగి వచ్చాయి. ఒక అమ్మాయి పైకి వచ్చి, "సర్, నా మాక్ టెస్ట్ మధ్యలో పోయింది" అంది. వైఫై ప్యాకెట్లను తరలించేదీ ఆ ప్రాసెసరే. రౌటర్‌కు మొదటి పని ఏదో ఆ అమ్మాయి మాటతో తేలిపోయింది. ఆ రాత్రే అధికారిక ఇమేజ్ తిరిగి వేశాను.

ఇంకొక సంగతి కూడా రాయాలి, ఇది తెలుగువాళ్లకు ముఖ్యం. ఆ క్రూట్‌లో ఒక తెలుగు టెక్స్ట్ ఫైలును ప్రింట్‌కు పంపి చూశాను. ఖాళీ గళ్లు వచ్చాయి. కనీస డెబియన్‌లో తెలుగు ఫాంట్ ఉండదు. ఫాంట్ ఎక్కించినా గుణింతాలనూ వత్తులనూ సరిగ్గా కూర్చే షేపింగ్ పని ఒకటి ఉంటుంది, దాన్ని చేసే ప్రోగ్రాం కూడా దారిలో ఉండాలి. డెస్క్‌టాప్‌లో ఇవన్నీ ఎప్పుడో కుదిరిపోయి ఉంటాయి. అక్కడ 'జ్యోత్స్న' అని టైపు చేస్తే 'జ్యోత్స్న' అనే అచ్చవుతుంది. పేజీని తయారుచేసే పని ఏ యంత్రానిదన్న ప్రశ్నకు నాకు ఇదొక్కటే చాలిన జవాబు.

చివరికి కుదిరిన ఏర్పాటు

పేజీని చుక్కలుగా మార్చే పనిని డెస్క్‌టాప్‌లకు వదిలేసి, రౌటర్‌కు తయారైన బైట్లను ప్రింటర్‌కు అందించే పని మాత్రం ఇచ్చాం. దానికి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలోనే పీ910ఎన్‌డీ అన్న చిన్న ప్యాకేజీ ఉంది. 9100 పోర్టులో వచ్చినదాన్ని వచ్చినట్టు ప్రింటర్ పరికరంలోకి పోస్తుంది, అంతే. దానికి తోడు యూఎస్‌బీ ప్రింటర్ కెర్నల్ మాడ్యూల్. రెండూ కలిపి ఫ్లాష్‌లో కనిపించనంత చోటు. రెండు వైపులా మాట్లాడే ఎంపికతో ఈ ప్రింటర్ మొరాయించింది, దాన్ని సున్నా చేస్తే సర్దుకుంది.

మర్నాడు ఉదయం మళ్లీ ఫోను, ప్రింట్లు రావడం లేదని. రాత్రి కరెంటు పోయి వచ్చింది. ఈ రకం ప్రింటర్లు తమ ఫర్మ్‌వేర్‌ను లోపల దాచుకోవు, ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటర్ నుంచి అందుకోవాలి. ఇన్నాళ్లూ ఆ పనిని డెస్క్‌టాప్ డ్రైవర్ ఎవరికీ చెప్పకుండా చేస్తూ వచ్చింది. ఇప్పుడు యూఎస్‌బీ తీగ రౌటర్‌లో ఉంది గనుక అందించేవారు లేరు. పరికరం తగిలించగానే నడిచే స్క్రిప్టులుండే ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ హాట్‌ప్లగ్ ఫోల్డర్‌లో చిన్న స్క్రిప్టు రాశాను. ప్రింటర్ వచ్చిందన్న కబురు అందగానే పరికరం గుర్తింపు సంఖ్య సరిచూసి, ఫర్మ్‌వేర్ ఫైలును క్యాట్ ఆజ్ఞతో ప్రింటర్‌లోకి పంపుతుంది. ఆరేడు వరుసల పని. స్విచ్ ఆపి వేస్తూ పదిసార్లు పరీక్షించాకే బయల్దేరాను.

పీ910ఎన్‌డీకి పాస్‌వర్డ్ వంటిదేమీ లేదు. 9100 పోర్టు తెలిసిన ఎవరైనా వంద పేజీలు వదలవచ్చు. అందుకే పిల్లల వైఫైని విడి జోన్‌గా పెట్టి, ఆ పోర్టుకు రెండు డెస్క్‌టాప్‌ల చిరునామాలనే అనుమతించాను. ఈ పని చేయకుండా ఈ ఏర్పాటును ఎవరూ వదిలిపెట్టకూడదు.

మిగిలింది ఫోన్ల నుంచి ప్రింట్. ఈ పాత ప్రింటర్‌కు ఫోన్ల భాష రాదు. మధ్యలో పేజీని తయారుచేసే యంత్రం ఉండి తీరాలి, కప్స్ నిజంగా అవసరమైన చోటు ఇదొక్కటే. దాన్ని ఒక డెస్క్‌టాప్‌లో డెబియన్ వేసి అక్కడ పెట్టాం. అవాహి అనే ప్రోగ్రాం దాని పేరును నెట్‌వర్క్‌లో చాటుతుంది, ప్రింట్ కావలసినవాళ్లు మాస్టారి బల్ల దగ్గర ఉంచిన వేరే వైఫైకి ఫోను కలిపితే అది కనిపిస్తుంది. ఆ డెస్క్‌టాప్ ఆపి ఉంటే ఫోను ప్రింట్లు ఉండవు. మాస్టారికి ఈ సంగతి దాచకుండా చెప్పాను. "పగలు ఎలాగూ వేసే ఉంచుతాం బాబూ, చాలు" అన్నారు.

ఇదంతా చదివి రౌటర్‌లో అదనపు ప్యాకేజీలే వద్దనుకోకూడదు. కంపెనీ ఫర్మ్‌వేర్ తీసేయలేని రౌటర్లలో నేను ఎంట్‌వేర్ అనే ప్యాకేజీల సంపుటి వాడతాను. అది ఆప్ట్ ఫోల్డర్‌లో తన సొంత గ్లిబ్‌సీ, తన సొంత లోడర్ తెచ్చుకుంటుంది, సాఫ్ట్ ఫ్లోట్ మిప్స్‌కు విడిగా కంపైల్ అయి వస్తుంది. డెబ్ ఫైలు విప్పి పరచడానికీ దీనికీ పోలిక లేదు. 64 బిట్ల ఆర్మ్ చిప్, 1 జీబీ ర్యామ్ ఉన్న రౌటర్ అయితే క్రూట్ గురించి నా మాట వేరుగా ఉండేది. అక్కడ దశాంశ గణిత విభాగం చిప్‌లోనే ఉంటుంది, డెబియన్ మద్దతూ ఉంది.

హాజరు పట్టికను పెన్‌డ్రైవ్ మీదికి మార్చాం. ప్రతి రాత్రీ దాని నకలు డెస్క్‌టాప్‌కు పోతుంది, ఎందుకంటే పెన్‌డ్రైవ్‌ను నేను నమ్మను.

నెల తర్వాత మేనల్లుడు మా ఇంటికి వచ్చాడు. హాజరు నమోదుకు సీ భాషలో తనే ఒక చిన్న ప్రోగ్రాం రాసి, ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వాళ్లే ఇచ్చే కంపైల్ సాధనాల మూట ఎస్‌డీకేతో కంపైల్ చేసి, దాని సొంత ప్యాకేజీ రూపమైన ఐపీకేగా కట్టి తెచ్చాడు. పరిమాణం 11 కేబీ. నేను అడగకముందే ల్యాప్‌టాప్‌లో, ప్రోగ్రాం ఏ రకానిదో చెప్పే 'ఫైల్' ఆజ్ఞ కొట్టి, తెర మీద వచ్చిన వరుసను వేలితో చూపిస్తూ పైకి చదివాడు. "మిప్స్, లిటిల్ ఎండియన్, లోడర్ మజిల్ మిప్సెల్ ఎస్‌ఎఫ్. ఇది ఎక్కుతుందన్నా."

ఎక్కింది.